ఆంత్రొపాలజీ చదివితే ఉద్యోగం ఎవరిస్తారు?

ప్రశ్న: మా అమ్మాయికి సైన్స్‌లో మంచి మార్కులొచ్చాయి. ఇంజనీరింగో ఫార్మసీయో తీసుకుంటుందనుకుంటే డిగ్రీలో ఆంత్రొపాలజీ (మానవశాస్త్రం) చదువుతానని పట్టుబట్టింది. ‘ఎముకల గురించీ పాతకాలపు మనుషుల గురించీ చదివితే ఉద్యోగం ఎవరిస్తారు?’ అంటారు వాళ్ల నాన్న. ఇద్దరి మధ్యా నాకు టెన్షన్. చదవనివ్వమంటారా, మాన్పించమంటారా?

జవాబు: అమ్మా, ముందు మీవారి ప్రశ్న సంగతి తేల్చేద్దాం. ‘ఆంత్రొపాలజిస్టు కావలెను’ అని ప్రకటన వేసే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. యూనివర్సిటీలు, మ్యూజియంలు, కొన్ని ప్రభుత్వ పరిశోధన సంస్థలు, అంతే. ఆ పేరు పెట్టి వెతికితే ఆయన భయం నిజమే అనిపిస్తుంది. చిక్కేమిటంటే, ఈ చదువు చదివినవాళ్లలో చాలామంది వేరే పేర్లున్న ఉద్యోగాల్లో కనిపిస్తారు. ఒకరు కంపెనీలో యూజర్ రీసెర్చర్ (వస్తువులను జనం ఎలా వాడుతున్నారో గమనించే పరిశోధకులు), ఒకరు ప్రజారోగ్య కార్యక్రమంలో పరిశోధకురాలు, ఇంకొకరు ప్రాజెక్టుల కింద ఇళ్లు పోయినవాళ్ల పునరావాసం చూసే నిపుణుడు, మరొకరు విలేకరి. వాళ్ల విజిటింగ్ కార్డు మీద మానవశాస్త్రం అన్న మాటే ఉండదు. కాబట్టి మీ ఇంట్లో వాదన ‘ఉద్యోగం వస్తుందా రాదా’ దగ్గర ఆగిపోతే తెగదు. ‘ఇందులో ఏ శాఖ, దానికి తోడుగా ఇంకేం నేర్చుకుంటుంది’ అని అడిగితే తెగుతుంది.

ఎముకలూ పాతకాలపు మనుషులూ ఈ చదువులో ఒక మూల మాత్రమే. మనిషి శరీరం, పరిణామం, జన్యువులు చదివేది ఒక శాఖ. పురావస్తు శాస్త్రం ఇంకొకటి. మనుషులు భాషను ఎలా వాడుకుంటారో చూసేది మూడోది. ఇవాళ బతుకుతున్న సమాజాల్లో బంధుత్వాలు, నమ్మకాలు, డబ్బు, అధికారం ఎలా నడుస్తాయో చూసే సామాజిక, సాంస్కృతిక మానవశాస్త్రం నాలుగోది. అమెరికాలో ఫ్రాంజ్ బోయాస్ అనే ఆంత్రొపాలజిస్టు కాలం నుంచీ ఈ నాలుగింటినీ ఒకే డిపార్ట్‌మెంటులో చెప్పే సంప్రదాయం ఉంది. బ్రిటన్‌లో చాలా యూనివర్సిటీలు సోషల్ ఆంత్రొపాలజీని విడిగా, ఆర్కియాలజీని విడిగా నడుపుతాయి. డిగ్రీ పేరు ఒకేలా ఉన్నా, ఒకచోట పుర్రెలు కొలవడం నేర్పిస్తారు, మరోచోట కోర్సు మొత్తంలో ఒక్క ఎముకనైనా ముట్టుకోనక్కర్లేదు. జీవశాస్త్రం ఇష్టపడి వెళ్లిన పిల్ల తెలియక ఈ రెండో రకం కోర్సులో పడితే మొదటి ఏడాదే నీరుగారిపోతుంది. సిలబస్ మొత్తం, పేపరు పేపరూ చదవకుండా ఫీజు కట్టకండి.

ఏ శాఖలో చేరినా బయటి ప్రపంచంలో ఈ చదువుకు విలువ తెచ్చేది ఫీల్డ్‌వర్క్. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రోనిస్లావ్ మలినోవ్‌స్కీ అనే ఆంత్రొపాలజిస్టు పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో మకాం పెట్టాడు. అక్కడి భాష నేర్చుకుని, వాళ్ల మధ్యే ఉంటూ, చూసినదంతా రాసుకున్నాడు. ఆ పద్ధతే ఈ రంగానికి గీటురాయి అయింది. మనుషులు చెప్పేదొకటి, చేసేదొకటి అని మనందరికీ తెలుసు కదా. సర్వే కాగితానికి చెప్పేది మాత్రమే దొరుకుతుంది. పక్కన ఓపిగ్గా కూర్చున్నవాళ్లకు చేసేది కూడా దొరుకుతుంది. సంస్థలు జీతమిచ్చేది ఆ రెండింటి మధ్య తేడా పట్టుకోగలిగినందుకే.

ఒక ఉదాహరణ చెప్తాను, మీవారికి కూడా వినిపించండి. 1980ల మొదట్లో జిరాక్స్ కంపెనీ కొత్త కాపీ మెషిన్ ఒకటి మార్కెట్లోకి వదిలింది. వాడటం కష్టంగా ఉందని కస్టమర్ల ఫిర్యాదులు. ఆ కంపెనీకి అమెరికాలోని పాలో ఆల్టోలో ఉన్న పరిశోధన కేంద్రంలో లూసీ సచ్‌మన్ అనే ఆంత్రొపాలజీ పరిశోధక విద్యార్థిని ఉండేది. ఆవిడ ఆ మెషిన్‌ను ల్యాబ్‌లో పెట్టించి, ఇద్దరిద్దరిని దాని ముందు నిలబెట్టి, వాళ్లు పడే అవస్థను వీడియో తీసింది. ఒక వీడియోలో ఉన్న ఇద్దరూ పేరున్న కంప్యూటర్ శాస్త్రవేత్తలు! కాగితానికి రెండు వైపులా కాపీ తీయడానికి వాళ్లు కూడా తల పట్టుకున్నారు. ‘వాడేవాళ్లకు తెలివి లేదు’ అన్న సాకు ఇక చెల్లలేదు. నొక్కిన మీటలు తప్ప ఎదురుగా ఏం జరుగుతోందో మెషిన్‌కు తెలియదు, మనుషులేమో తమ తికమక దానికి అర్థమైందనుకుంటారు, గొడవంతా అక్కడే ఉందని ఆవిడ చూపించింది. ఇది ప్రశ్నాపత్రంలో దొరికే విషయమా చెప్పండి. తర్వాత ఇంటెల్ కూడా 1998లో జెనీవీవ్ బెల్ అనే ఆంత్రొపాలజిస్టును తీసుకుంది. ఈరోజు యూఎక్స్ (యూజర్ ఎక్స్‌పీరియన్స్) రీసెర్చ్ అంటున్న ఉద్యోగానికి ఒక వేరు ఇక్కడుంది. అలాగని ఇది భద్రమైన కొలువేం కాదు. 2022, 2023లలో పెద్ద టెక్ కంపెనీలు వేలమందిని తీసేసినప్పుడు రీసెర్చర్లూ పోయారు.

సైన్స్ పిల్ల కాబట్టి తన మనసులో ఫోరెన్సిక్, అంటే ఎముకలు చూసి చనిపోయినవాళ్లెవరో తేల్చి దర్యాప్తుకు సాయపడే పని ఉండే ఉంటుంది. టీవీ సీరియళ్ల పుణ్యమా అని నన్ను అడిగే పిల్లల్లో ఆ పేరు ఎత్తనివాళ్లు తక్కువ. అసలు పని ఎలా ఉంటుందో చెప్తాను. అర్జెంటీనాలో 1976 నుంచి 1983 దాకా సైనిక పాలన వేలమందిని మాయం చేసింది. ఆ పాలన పోయాక పేరు లేని సమాధులను బుల్డోజర్లతో తవ్వించి, ఎవరి ఎముకలు ఎవరివో తెలియకుండా కలగాపులగం చేశారు. 1984లో అమెరికా నుంచి వచ్చిన క్లైడ్ స్నో, ఆంత్రొపాలజీ, ఆర్కియాలజీ, మెడిసిన్ చదువుతున్న కుర్రవాళ్లను పోగుచేసి, పురావస్తు తవ్వకాల్లో చేసినట్టు పొర పొరా జాగ్రత్తగా తీయడం నేర్పించాడు. ఆ విద్యార్థులే అర్జెంటీనా ఫోరెన్సిక్ ఆంత్రొపాలజీ బృందంగా ఎదిగి ఎన్నో దేశాల్లో పనిచేశారు. 1997లో బొలీవియాలో విప్లవకారుడు చే గెవారా అస్థికలను గుర్తించినవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

రోజువారీ పని మాత్రం బల్ల మీద పరిచిన ఎముకలతో గంటలు గంటలు గడపడమే. కటి ఎముక ఆకారం చూసి ఆడా మగా అని అంచనా కడతారు. తొడ ఎముక పొడవును బట్టి ఎత్తు లెక్కేస్తారు. పొడవాటి ఎముకల చివర్లు అతుక్కున్నాయా లేదా చూసి వయసు చెప్తారు. కాలర్ ఎముకకు ఛాతీ మధ్య వైపున్న చివర అన్నిటికన్నా ఆలస్యంగా, ఇరవైల్లో అతుక్కుంటుంది కాబట్టి కుర్రవాళ్ల వయసు తేల్చడానికి దాన్ని ప్రత్యేకంగా చూస్తారు. ఎప్పుడో విరిగి మానిన చెయ్యి కనిపిస్తే, ఆ సంగతి కుటుంబం చెప్పిన వివరాలతో సరిపోతుందా అని చూస్తారు. చివరికి డీఎన్‌ఏ ఖాయం చేస్తుంది. ఎదురుగా కూర్చున్న తల్లికి ఆ కబురు చెప్పడం కూడా ఈ పనిలో భాగమే. మీ అమ్మాయి అది తట్టుకోగలదా అన్నది మార్కులు చెప్పవు. ఇంకో మాట, ఈ పోస్టులు చాలా తక్కువ. మాస్టర్స్ లేనిదే అడుగు పెట్టలేరు, చాలాచోట్ల పీహెచ్‌డీ అడుగుతారు. ఎక్కువమంది యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకుంటూ, పోలీసులో కోర్టులో పిలిచినప్పుడు వెళ్తారు.

నన్నడిగితే ప్రజారోగ్యం ఇంతకన్నా విశాలమైన దారి. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు శవాలను ముట్టుకోవడం, కడగడం వల్ల కూడా జబ్బు పాకింది. రక్షణ సూట్లు వేసుకున్నవాళ్లొచ్చి శవాలను సంచుల్లో కట్టి పట్టుకుపోతుంటే జనం బెదిరిపోయి రోగులను, శవాలను దాచడం మొదలుపెట్టారు. ఆఖరి మర్యాదలో ఏది వదులుకోవడానికి కుటుంబాలు ఒప్పుకుంటాయి, ఏది ఒప్పుకోవు అని ఊళ్లలో కూర్చుని తెలుసుకున్న వారిలో ఆంత్రొపాలజిస్టులున్నారు. కుటుంబాన్నీ మతపెద్దలనీ కలుపుకుని, సురక్షితంగా, గౌరవంగా ఖననం చేసే నియమాలను ఆ ఏడాది చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసింది. పాల్ ఫార్మర్, జిమ్ యాంగ్ కిమ్ ఇద్దరూ డాక్టర్లు, ఇద్దరికీ హార్వర్డ్‌లో ఆంత్రొపాలజీ పీహెచ్‌డీ. కిమ్ 2012 నుంచి 2019 దాకా ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు కూడా. పెద్ద పేర్లు చెప్పి పిల్లలను ఊరించడం నాకు నచ్చదు, మీ అమ్మాయి ప్రపంచ బ్యాంకుకు వెళ్తుందని నేననడం లేదు. వాళ్లు రెండు చదువులను జోడించారన్నదే ఇక్కడ చూడాల్సింది.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. రోడ్లు, ఆనకట్టలు కట్టే ముందు స్థలంలో పురాతన అవశేషాలున్నాయేమో చూడాలని చాలా దేశాల్లో చట్టాలున్నాయి. అమెరికాలో 1966 నాటి చట్టం వల్ల ఆర్కియాలజిస్టులకు యూనివర్సిటీల్లోకన్నా ఈ సర్వే సంస్థల్లోనే ఎక్కువ పని దొరుకుతోంది. ఎండావానల్లో తిరగాలి, కొత్తలో కాంట్రాక్టు మీదే తీసుకుంటారు. పునరావాసం, అభివృద్ధి సంస్థల్లో స్థానిక భాష వచ్చినవాళ్లకు విలువెక్కువ. జర్నలిజం సంగతంటారా, తజికిస్తాన్‌లో ఫీల్డ్‌వర్క్ చేసి పీహెచ్‌డీ పొందిన గిలియన్ టెట్ తర్వాత ఫైనాన్షియల్ టైమ్స్ పత్రికలో చేరి, 2008 సంక్షోభానికి ముందే బ్యాంకుల అప్పుల వ్యాపారంలో ప్రమాదం గురించి రాసింది. మ్యూజియంల్లో పని బాగుంటుంది, ఖాళీలే ఉండవు.

ఇప్పుడు ఆ తోడు చదువు సంగతి. మీ అమ్మాయికి నేను మొదట చెప్పేది స్టాటిస్టిక్స్. ఫీల్డ్ నోట్సు రాయగలిగి, దాంతోపాటు లెక్కల్లో డేటా కూడా చూడగలిగినవాళ్లు ఏ సంస్థకైనా కావాలి, అలాంటివాళ్లు దొరకడమే కష్టం. ఎముకల వైపు వెళ్లాలంటే అనాటమీ, జన్యుశాస్త్రం. ఆరోగ్యం వైపైతే ఎపిడెమియాలజీ, అంటే జబ్బులు జనంలో ఎలా పాకుతాయో చదివే శాస్త్రం. డిగ్రీ రెండో ఏడాది ముగిసేలోపు వీటిలో ఒకటి ఖాయం చేసుకోవాలి. ఆఖరి ఏడాది చూద్దాంలే అనుకున్నవాళ్లే డిగ్రీ చేతికొచ్చాక మీవారి ప్రశ్నను తమకు తామే వేసుకుంటారు.

ఇంట్లో రాజీ కుదరకపోతే ఇంకో మార్గం ఉంది. జీవశాస్త్రంలోనో స్టాటిస్టిక్స్‌లోనో డిగ్రీ చేసి, మాస్టర్స్‌కు ఆంత్రొపాలజీలోకి రావచ్చు. చాలా యూనివర్సిటీలు వేరే డిగ్రీవాళ్లను చేర్చుకుంటాయి. అంతరించిపోయిన నియాండర్తల్ మనుషుల జన్యువులను చదివి 2022లో నోబెల్ అందుకున్న స్వాంతె పాబో ఆ పని చేసింది జర్మనీలో లైప్జిగ్‌లోని మాక్స్ ప్లాంక్ ఎవల్యూషనరీ ఆంత్రొపాలజీ సంస్థలోనే, ఆయన పీహెచ్‌డీ చేసింది మాత్రం రోగనిరోధక శాస్త్రంలో. నిజం చెప్పాలంటే, సైన్స్ మీద అంత పట్టున్న పిల్లకు నాకు ఈ దారే ఎక్కువ నచ్చుతుంది. కానీ తను సమాజాల గురించి చదవాలనుకుంటుంటే ఇది తనకు శిక్ష అవుతుంది. ముందు తననే అడగండి.

డబ్బు సంగతీ చెప్పాలి. డిగ్రీ కాగానే వచ్చే మొదటి జీతం ఇంజనీర్ల జీతంతో పోలిస్తే తక్కువే ఉండొచ్చు, అందుకు ముందే సిద్ధపడండి. పీహెచ్‌డీకి ఫెలోషిప్ వస్తేనే చేరాలి. అప్పు చేసి ఆంత్రొపాలజీ పీహెచ్‌డీ చేయమని నేను ఎవరికీ చెప్పను. యూనివర్సిటీ ఉద్యోగాలకు పోటీ విపరీతం, ఏళ్ల తరబడి తాత్కాలిక పోస్టుల్లో గడిపేవాళ్లు ఉన్నారు.

కాలేజీకి వెళ్లినప్పుడు బిల్డింగులు చూసి రాకండి. డిగ్రీ స్థాయిలోనే విద్యార్థి సొంతంగా ఫీల్డ్‌వర్క్ చేసి డిసర్టేషన్ రాయాలా? ఎముకల ల్యాబ్ ఉందా, అందులో విద్యార్థులు చేతులు పెట్టనిస్తారా? మనుషుల మీద పరిశోధనకు నైతిక అనుమతి ఎలా తీసుకోవాలో నేర్పిస్తారా? గత బ్యాచ్‌ల వాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారు? ఈ చివరి ప్రశ్నకు ‘చాలామంది బాగా సెటిలయ్యారు’ అన్న జవాబు వస్తే ఒప్పుకోకండి, ఏ సంస్థల్లో, ఏ పనుల్లో అని గుచ్చి అడగండి.

అడ్మిషన్ల లోపు మీ అమ్మాయికి ఒక పని పెట్టండి. జనం వచ్చిపోయే ఒక చోట, బస్టాండో లైబ్రరీయో ఆసుపత్రి వెయిటింగ్ హాలో, ఫోన్ బ్యాగులో పెట్టేసి రెండు గంటలు కూర్చోమనండి. ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు, ఎవరు ఎవరికి దారిస్తున్నారు, బోర్డు మీద రాసిన రూల్ ఏమిటి, జరుగుతున్నదేమిటి అని ఎవరి పేర్లూ లేకుండా రాసుకురమ్మనండి. వారం తర్వాత అదే చోటికి మళ్లీ పంపండి. రెండోసారి వెళ్లడానికి తను విసుక్కుంటే సోషల్ ఆంత్రొపాలజీ మాట పక్కనపెట్టి జీవశాస్త్రం వైపు మాట్లాడుకుందాం. నోట్సు రెండింతలైతే ఆ కాగితాలు మీవారికి చూపించండి, నాకూ ఒక కాపీ పంపండి. దాన్ని చూసి ఏ కోర్సులకు అప్లై చేయాలో జాబితా రాసిస్తాను.