రేవు గట్టు ఎక్కలేక వణికే స్కూటర్: క్లచ్ సెట్ మొత్తం మార్చాలా?

మీ ప్రశ్నలో సంగతి ఇదీ: గేర్లు లేని 110 సీసీ స్కూటర్, 32 వేల కిలోమీటర్లు తిరిగింది. సఖినేటిపల్లి నుంచి గోదావరి దాటించే పంటు (బండ్లని ఎక్కించుకునే బల్లకట్టు) మీద నరసాపురానికి రోజూ సరుకుతో వెళ్లొస్తుంది. కదిలేటప్పుడు గజగజ వణుకుతోంది. పంటు దిగి రేవు గట్టు ఎక్కేటప్పుడు ఇంజను మోత పెరుగుతోంది గానీ బండి కదలట్లేదు, కాలిన వాసన కూడా వస్తోంది. షెడ్డులో బెల్టు (ఇంజను శక్తిని ముందు పుల్లీ నుంచి వెనక పుల్లీకి చేర్చేది), రోలర్లు (ముందు పుల్లీలో ఉండి వేగాన్ని బట్టి బెల్టుని జరిపేవి), షూలు, బెల్ (ఈ రెండూ కలిస్తేనే క్లచ్) మొత్తం వేసేద్దామన్నారు. అంతా అవసరమా, కొంటే ఏ సరుకు కొనాలి అని అడిగారు.

మొత్తం అవసరం కాకపోవచ్చండి. మీరు చెప్పిన లక్షణాలు షూలూ బెల్‌దే తప్పని చూపిస్తున్నాయి. 32 వేలకి బెల్టు ఎలాగూ మార్చాల్సిందే, చాలామంది 20 నుంచి 25 వేల మధ్యే మార్చేస్తారు. రోలర్ల సంగతి విప్పి చూశాకే తేలుతుంది. కానీ వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: షూలు అరిగి జారుతున్నాయా, జిడ్డు పట్టి జారుతున్నాయా? జిడ్డు వల్లైతే కొత్త షూలు కూడా నాలుగు రోజుల్లో అదే దారి పడతాయి.

స్కూటర్‌ది పొడి క్లచ్. స్ప్లెండర్, పల్సర్ లాంటి బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజనాయిల్లో తడుస్తూ తిరుగుతాయి, కొత్త ప్లేట్లను ఆయిల్లో నానబెట్టి మరీ వేస్తారు. ఇక్కడ ఆయిల్ తగలకూడదు. మూడు షూలు, వాటిని లోపలికి లాగి పట్టుకునే మూడు చిన్న స్ప్రింగులు, చుట్టూ ఒక ఇనుప బెల్, అంతే. ఇంజను స్లోలో ఉన్నప్పుడు షూలు ముడుచుకుని ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ బయటికి విచ్చుకుని బెల్‌ని పట్టుకుంటాయి, బెల్ గేర్‌బాక్సునీ చక్రాన్నీ తిప్పుతుంది. బైకు పని బాగా తెలిసినవాళ్లు కూడా అలవాటు కొద్దీ ఆయిల్ చేత్తో షూని పట్టుకుంటుంటారు. ఆ వేలిముద్ర చాలు, మొదటి రోజునుంచే వణుకు మొదలవడానికి.

షూ బెల్‌ని గట్టిగా పట్టుకున్నాక అరుగుదల దాదాపు ఉండదు. అరిగేదంతా పట్టీ పట్టని ఆ మధ్య స్థితిలోనే. మన డెల్టా అంతా చదును నేలే, ఘాట్ రోడ్లు లేవు, అయినా క్లచ్‌లు త్వరగా పోయేది అందుకే. సంతలో జనం మధ్య నడక వేగంతో పాకడం, చెరువు గట్టు బురదలో రొయ్యల ట్రేలతో ఈడ్చుకురావడం, కొబ్బరికాయల బస్తాతో కాలువ వంతెన ఎక్కడం, వీటన్నిట్లోనూ షూ సగం జారుతూనే ఉంటుంది. రేవు ఎత్తులో ముందు బండి కదిలేదాకా బ్రేకు పట్టకుండా ఎక్సలేటర్‌తో బండిని నిలబెట్టడం అన్నిటికంటే చేటు. ఆ అర నిమిషంలో బెల్ కాలి నీలం రంగు తిరుగుతుంది.

కవర్ విప్పకముందే సగం సంగతి తెలుసుకోవచ్చు. నెమ్మదిగా ఎక్సలేటర్ ఇస్తూ కదలండి. 10, 15 కిలోమీటర్ల వేగం దాకా వణికి ఆ తర్వాత నున్నగా సాగిపోతే తప్పు షూ, బెల్ దగ్గరే. కదలడం బాగానే ఉండి, పైవేగంలో మోత పెరిగి స్పీడు పెరగకపోతే బెల్టు, రోలర్లు, లేదా వెనక పుల్లీ పెద్ద స్ప్రింగు. సెంటర్ స్టాండు వేసి స్లోలో వదిలితే వెనక చక్రం కొద్దిగా తిరగడం మామూలే. బ్రేకు మెల్లగా తాకిస్తే ఆగిపోవాలి. ఆగకుండా లాగుతుంటే ముందు స్లో స్పీడు సరిచూడండి, ఈ బండ్లకి 1700 ఆర్‌పీఎం దగ్గర ఉంటుంది. అది సరిగ్గా ఉండి కూడా లాగుతుంటే షూ స్ప్రింగు తెగిందనో, షూ తను తిరిగే పిన్ను మీద బిగుసుకుపోయిందనో అర్థం. బ్రేకు గట్టిగా పట్టి ఫుల్ ఎక్సలేటర్ ఇచ్చి క్లచ్ పరీక్షించమని కొందరు చెబుతారు, ఆ పని చేయకండి. బాగున్న లైనింగ్‌ని (బెల్‌ని పట్టుకునే షూ పైపొరని) కూడా కాల్చేస్తుంది.

విప్పేటప్పుడు లోపలి నల్లపొడిని కంప్రెసర్ గాలితో ఊదొద్దు. అది లైనింగ్ పొడి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాస్కు కట్టుకుని తడిగుడ్డతోనో బ్రేక్ క్లీనర్‌తోనో తుడవాలి. తుడిచే ముందు ఒక్క నిమిషం ఆ పొడినే చూడండి. పొడిగా రాలిపోతుంటే అది మామూలు అరుగుదల. ముద్దకట్టి జిగటగా ఉంటే లీకు. ముందు పుల్లీ వెనక తడి కనిపిస్తే క్రాంకు (ఇంజను ఇరుసు) ఆయిల్ సీలు, బెల్ వెనక తడి ఉంటే గేర్‌బాక్సు సీలు. వెనక పుల్లీ చుట్టూ విసిరినట్టు గ్రీజు చారలుంటే పుల్లీ లోపలి ఓ-రింగులు, సీళ్లు పోయినట్టు. గేర్‌బాక్సులో ఆయిల్ ఎక్కువ పోసినా సీలు దాటి వస్తుంది. ఈ బండ్లకి పట్టేది సుమారు 120 మిల్లీలీటర్లే, డబ్బా చేతిలో ఉంది కదా అని పోసేయకూడదు. గ్రీజు పీల్చుకున్న షూని పెట్రోలుతో కడిగి మళ్లీ వేస్తుంటారు. లైనింగ్ లోపలికి దిగిన జిడ్డు వేడెక్కగానే మళ్లీ పైకి వస్తుంది, కాబట్టి అవి మార్చాల్సినవే.

బెల్ నట్టు విప్పడానికి దాన్ని పట్టుకునే హోల్డరు వాడాలి. ముందు పుల్లీ ఫ్యాను రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి నట్టు తిప్పితే రెక్క విరుగుతుంది, ఆ తర్వాత కవర్ లోపల చల్లగాలి తగ్గుతుంది. షూ ప్లేటుని పట్టుకునే పెద్ద నట్టు హోండా తరహా బండ్లలో 39 ఎంఎం. దాని వెనక బలమైన స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. ఆ స్ప్రింగుని నొక్కి పట్టే టూలు లేకుండా విప్పితే నట్టు ముఖం మీదికే లేస్తుంది. ఈ పని ఇంట్లో కాకుండా టూలు ఉన్న షెడ్డులోనే చేయించండి.

ఇక కొలతలు. షూ లైనింగ్ కొత్తదైతే 4 ఎంఎం దగ్గర ఉంటుంది. ఏ చోటైనా 2 ఎంఎంకి దిగితే మూడు షూలూ మార్చాలి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటే ఎక్కువ అరిగి మిగతా రెండూ కొత్తగా ఉంటే లోపం లైనింగ్‌ది కాదు, ఆ రెండూ పిన్నుల మీద తుప్పుతో బిగుసుకుని విచ్చుకోవట్లేదు. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇది చాలా మామూలు. పిన్నులు ఎమరీ కాగితంతో శుభ్రం చేసి, వేడి తట్టుకునే గ్రీజు పిన్ను మీద మాత్రం పలచగా రాస్తే షూ వేలితో నొక్కగానే కదలాలి.

బెల్ లోపల వేలి గోరుతో అంచు వైపు గీయండి. లైనింగ్ తిరిగిన చోటుకీ తిరగని అంచుకీ మధ్య గోరు తట్టుకునేంత మెట్టు ఉంటే బెల్ అరిగింది. 110 సీసీ హోండాల్లో లోపలి వ్యాసం కొత్తదానికి 125 ఎంఎం. అర ఎంఎం పెరిగితే మార్చేయాలి. వర్నియర్‌తో ఒక్కచోట కాదు, మూడు నాలుగు దిక్కుల్లో కొలవండి. ఒక దిక్కున ఒకలా ఇంకో దిక్కున ఇంకోలా వస్తే బెల్ గుండ్రం తప్పింది. మీ వణుక్కి చాలావరకు కారణం అదే అవుతుంది, ఎన్ని షూలు మార్చినా పోదు. లేతుకి వేసి నున్నగా చేయిస్తామంటారు గానీ నేనైతే ఒప్పుకోను. గోడ పలచబడితే వేడి తొందరగా ఎక్కుతుంది, వ్యాసమూ పెరుగుతుంది. నీలం మచ్చలు అక్కడక్కడా ఉండి మెట్టు లేకపోతే మాత్రం బెల్ పారేయనక్కర్లేదు. 120 నంబరు ఎమరీతో అడ్డంగా, ఐమూలగా గరుకు చేసి బ్రేక్ క్లీనర్‌తో తుడిస్తే చాలు. లైనింగ్ మందంగానే ఉండి అద్దంలా మెరుస్తుంటే దానికీ ఇదే వైద్యం. కానీ కొత్త షూలని మెట్టు పడిన పాత బెల్‌లో వేయకండి, సగం ముఖమే ఆని మళ్లీ వణుకుతుంది.

కొనేటప్పుడు బండి పేరు చెప్పి అడిగితే సరిపోదు. ఒకే పేరుతో ఏడేళ్లలో రెండు మూడు రకాల షూలు వచ్చి ఉంటాయి. ఛాసిస్ నంబరు, తయారీ సంవత్సరం చెప్పి పార్టు నంబరు తీసుకోండి, పాత షూ పక్కన పెట్టి పిన్ను కన్నాలు కలిశాయో లేదో చూసుకోండి. నా సలహా: షూలూ బెల్టూ కంపెనీ సరుకే. రోలర్లకీ స్లైడర్లకీ (రోలర్ల ప్లేటు అంచున ఉండే ప్లాస్టిక్ ముక్కలు) పేరున్న బయటి సరుకు తీసుకున్నా ఫరవాలేదు. పాత షూకి కొత్త లైనింగ్ అతికించి ఇచ్చే షాపులున్నాయి. ఖాళీగా తిరిగే బండికి ఎలా ఉన్నా, సరుకు మోసే బండికి వద్దు. వేడికి అతుకు ఊడి ఆ ముక్క షూకీ బెల్‌కీ మధ్య ఇరుక్కుంటే క్లచ్ ఉన్నపళంగా పట్టేసి వదలకపోవచ్చు. పికప్ పెరుగుతుందని రంగు రంగుల గట్టి స్ప్రింగులు అమ్ముతారు. అవి షూలని ఎక్కువ మోతకి గానీ విచ్చుకోనివ్వవు, రేవు ఎక్కేటప్పుడు మీకున్న జారుడు ఇంకా పెరుగుతుంది. మామూలు స్ప్రింగులే, మూడూ ఒకే సెట్‌వి వేయాలి.

రోలర్లని బల్ల మీద దొర్లించండి. తడబడకుండా దొర్లితే అవే వేయండి. ఒక వైపు చదును పడితే ఆరూ కలిపి మార్చాలి, బరువు పాతవాటిదే ఉండాలి. గ్రీజు రాయకూడదు. బెల్టు పళ్ల మొదళ్లలో చీలికలుంటే కిలోమీటర్లతో పని లేదు, మార్చేయడమే. బాణం గుర్తుంటే తిరిగే దిశకి వేయాలి.

బిగింపులో ఎక్కువ నష్టం జరిగేది ముందు పుల్లీ దగ్గర. కొత్త బెల్టు వేసేటప్పుడు వెనక పుల్లీని రెండు చేతులా విడదీసి బెల్టుని అందులోకి లోతుగా దించాలి. అప్పుడే ముందు వైపు బెల్టు వదులవుతుంది. అలా చేయకపోతే ముందు పుల్లీ ఫ్యాను ప్లేటుకీ, పుల్లీ మధ్యలో ఉండే గొట్టం లాంటి బుష్‌కీ మధ్య బెల్టు అంచు చిక్కుకుంటుంది. నట్టు బిగుసుకున్నట్టే చేతికి తెలుస్తుంది, నిజానికి అది బిగిసింది బెల్టు మీద. ఇంజను నాలుగు చుట్లు తిరగగానే బెల్టు జారి నట్టు వదులవుతుంది, కొన్నాళ్లకి ప్లేటుని పట్టి ఉంచే క్రాంకు పళ్లు అరిగిపోతాయి. క్లచ్ పనికి వచ్చిన బండి క్రాంకు పనికి పోయేది ఇక్కడే. అందుకే నట్టు తొడిగే ముందు ఫ్యాను ప్లేటుని బొటనవేలితో నొక్కి, క్రాంకు పళ్లు దాని కన్నంలోంచి బయటికి కనిపిస్తున్నాయో లేదో చూడాలి. ఆ తర్వాత టార్క్ పానాతో (బిగింపు ఎంతో చూపించే పానా) మీ మోడల్ మాన్యువల్ అంకెకి బిగించాలి. నట్లు బిగించే గాలి గన్ను పెట్టి తటతటలాడించొద్దు. వెనక పుల్లీలో గ్రీజు ఒక టీ చెంచాకి మించకూడదు, ఎక్కువైతే అదే షూల మీదికి వస్తుంది.

కొత్త షూ మొదట్లో బెల్‌కి పూర్తిగా ఆనదు. మొదటి 100, 150 కిలోమీటర్లు సరుకు తగ్గించండి, చిన్న వణుకు ఉంటే అప్పటికి సర్దుకుంటుంది. రేవులో ముందు బండి పూర్తిగా ఎక్కిపోయాక, బ్రేకు వదిలి ఒక్క ఊపున ఎక్కండి.

వరద రోజుల్లో కనకాయలంక లాంటి కాజ్‌వేల మీద నీళ్లు పారుతుంటే బండి దింపకండి. మామూలు వాన నీటి గుంటలోనే కవర్‌లోకి నీళ్లు చేరి బెల్టూ షూలూ జారడం మొదలైతే, ఎక్సలేటర్ ఇచ్చి ఆరబెట్టాలని చూడొద్దు, ఆ జారుడుకే లైనింగ్ అద్దంలా తయారవుతుంది. బండి ఆపి, కవర్ విప్పించి తుడిపించి, గాలి గొట్టం కూడా ఆరనివ్వండి. గేర్‌బాక్సు ఆయిల్ పాలలా తెల్లబడితే అదీ మార్చాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండ్లకి వానాకాలం పోయాక కార్తీకంలో ఒకసారి కవర్ తీయించి షూ పిన్నులు శుభ్రం చేయిస్తే మళ్లీ ఏడాది దాకా అవి బిగుసుకోవు.