ఇంగ్లీష్ పదాలన్నీ బట్టీ పట్టినా కొత్త పోయెమ్ ఎందుకు అర్థం కాదు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అమ్మాయి తొమ్మిదో తరగతి, కూకట్‌పల్లిలో ఇంగ్లీష్ మీడియం. స్కూల్లో వారం వారం ఇచ్చే పదాల లిస్టు బట్టీ పట్టేస్తుంది, టెస్టులో మార్కులకు లోటు లేదు. అదే చదవని పోయెమ్ ఒకటి ముందు పెడితే బిక్కమొహం వేస్తుంది. వొకాబులరీకి ఏ పుస్తకం కొనాలి, ట్యూషన్ పెట్టించాలా అని అడిగారు.

నేను ఇక్కడే హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూలు పిల్లలకు ఇంగ్లీష్ చెబుతానండీ. నేను చదువుకున్నది తెలుగు మీడియంలో, కాబట్టి ఇంగ్లీష్ ఎక్కడ కొరుకుడు పడదో నాకు స్వయంగా తెలుసు. మీ అమ్మాయి ఇబ్బంది మా క్లాసులో సగం మందికి ఉంది. పుస్తకం మాత్రం కొనకండి. ఆమె బ్యాగులో ఉన్న ఇంగ్లీష్ రీడరే చాలు. దాన్ని చదివే వరస మారాలి, అంతే.

మన స్కూళ్లలో పాఠం మొదలయ్యేదే మీనింగ్స్‌తో. టీచరు బోర్డు మీద కష్టమైన మాటలు ఒక వరసలో, అర్థాలు ఇంకో వరసలో రాస్తారు. పిల్లలు నోట్సులోకి ఎక్కించుకుంటారు. తర్వాత పోయెమ్ చదివి, సారాంశం చెప్పేసి, ప్రశ్నలకు జవాబులు రాయించేస్తారు. పిల్ల తనంతట తాను ఆ పోయెమ్‌తో కుస్తీ పట్టే అవకాశం ఎక్కడా రాలేదు చూడండి. అలాంటప్పుడు కొత్తది ఎదురైతే చేతులెత్తేయదా మరి?

సరోజినీ నాయుడు రాసిన ‘ఇన్ ద బజార్స్ ఆఫ్ హైదరాబాద్’ రీడర్లలో తరచూ కనిపించే పోయెమ్. 1912లో వచ్చిన ‘ద బర్డ్ ఆఫ్ టైమ్’ సంపుటంలోది. దీన్ని మీనింగ్స్ పద్ధతిలో చెప్పినప్పుడు ఏమవుతుందో చెబుతాను. స్కాబర్డ్ అంటే కత్తి ఒర. పిల్లలు చక్కగా నేర్చుకుంటారు. టెస్టులో సొంత వాక్యం రాయమంటే ‘ఐ సా ఎ స్కాబర్డ్ ఎస్టర్డే’ అని రాస్తారు. స్పెల్లింగ్ కరెక్టు, గ్రామర్ కరెక్టు, మార్కు ఇవ్వక తప్పదు. వాడు నిన్న చూసింది కత్తి ఒరో, కాకరకాయో ఆ వాక్యానికి అక్కర్లేదు.

ఇప్పుడు నేను చేసేది వేరు. బోర్డు ఖాళీగా ఉంచి పోయెమ్ పైకి చదువుతాను, రెండుసార్లు. నిఘంటువు ముట్టుకోవద్దంటాను. తర్వాత ఒకటే ప్రశ్న: ఇందులో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? ఎవరో ఒకరు బజారులో నడుస్తూ ఏమమ్ముతున్నారని అడుగుతున్నారు, వర్తకులూ కంసాలులూ పండ్లవాళ్లూ జవాబిస్తున్నారు. ఇంతమాత్రం అర్థం కావడానికి ఒక్క మీనింగ్ కూడా అవసరం లేదు. ఆ తర్వాత, ఆ దుకాణాల్లో మీకు తెలిసిన సరుకులు చెప్పండంటాను. హెన్నా అంటే మెహందీ. శాండల్‌వుడ్ గంధం. శాఫ్రన్ బిర్యానీలో వేసే జాఫ్రాన్. లెంటిల్ పప్పు. సారంగి సారంగే. బోర్డు నిండిపోతుంది. కష్టమైన పోయెమ్ అనుకున్నదాంట్లో సగం సరుకు వాళ్ల ఇళ్లలోనే ఉంది, పేరు ఒక్కటే ఇంగ్లీష్‌లో తెలియదు.

ఒకసారి బ్రోకేడ్ దగ్గర అందరూ ఆగిపోయారు. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి లేచి, “మేడమ్, అది కమ్‌ఖాబ్ కదా, షేర్వానీలకు వేస్తారు” అంది. వాళ్ల నాన్న పత్తర్‌గట్టీ వైపు దర్జీ. జరీ నేతలోనే కలిసి ఎలా ఉంటుందో, మామూలు గుడ్డ మీద చేసిన మగ్గం వర్కుకీ దానికీ తేడా ఏమిటో ఆ పిల్లే క్లాసుకు చెప్పింది. తర్వాత ఆ క్లాసులో బ్రోకేడ్ మీనింగ్ అడిగినవాళ్లు లేరు.

చివర్లో పూలమ్మే అమ్మాయిలు వస్తారు. పెళ్లికొడుకు నుదుటికి పూల కిరీటం కడుతున్నామంటారు. అది బాసికం అని కొందరు, కాదు సెహ్రా అని కొందరు, క్లాసులో కాసేపు రచ్చ. తెల్లపూలతో దుప్పటిలా అల్లేది ఏమిటంటే మాత్రం పాతబస్తీ పిల్లలకు తడుముకోవాల్సిన పని లేదు. సమాధి మీద కప్పే పూల చాదర్. అప్పుడు అడిగాను: ఇంత సందడి బజారును కవయిత్రి తీసుకెళ్లి చావు దగ్గర ఎందుకు ఆపింది? ఒక అబ్బాయి, “పూలకొట్టుకి పెళ్లయినా చావయినా బేరమే కదా మేడమ్” అన్నాడు. తెలుగులోనే అన్నాడు. నేను అడ్డుపడలేదు. ఇప్పుడు ఇదే ఇంగ్లీష్‌లో చెప్పు అన్నాను. వాడికి అప్పుడు కావలసి వచ్చినవి ‘బోత్’, ‘సేమ్’, ‘వెదర్’ (whether) లాంటి చిన్న మాటలు. ఏ లిస్టులోనూ ఉండనివి. ముందు ఆలోచన పుట్టాలి, అప్పుడే దానికి మాట కోసం వెతుకులాట మొదలవుతుంది. ఇంగ్లీష్ పీరియడ్‌లో తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే స్కూళ్లు ఉన్నాయి. ఆ పద్ధతి నాకు మింగుడుపడదు.

ఇదే పోయెమ్‌కు గైడ్లలో స్వదేశీ ఉద్యమం గురించి ఒక పేరా ఉంటుంది. 1905లో బెంగాల్ విభజన తర్వాత ఊపందుకున్న ఉద్యమం కాబట్టి ఆ కోణంలో చదవడం తప్పేమీ కాదు. కానీ పిల్ల ముందు ఆ బజారంతా తిరిగి రావాలి, ఆ తర్వాతే ఆ పేరా. సరోజినీ నాయుడి ఇల్లు నాంపల్లిలోనే ఉంది, 1905లో వచ్చిన ఆమె పుస్తకం పేరే ఆ ఇంటికి, గోల్డెన్ థ్రెషోల్డ్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 1974లో మొదలైంది అక్కడే. ఈ సంగతి చెబితే పిల్లలు పోయెమ్‌ను ఇంకోసారి చదువుతారు, ఎందుకో మరి!

ఇక ఏ మాటలు పట్టుకోవాలి అన్నది. స్కాబర్డ్‌ను వదిలేయమంటాను. మళ్లీ ఏళ్ల తరబడి ఎదురుపడకపోవచ్చు. ఆ పోయెమ్‌లోనే ‘గార్నర్’ ఉంది, అప్పుడే కోసి పోగుచేసిన పూలు అనే అర్థంలో. ఎన్నికల ఫలితాల మర్నాడు ఇంగ్లీష్ పేపరు తిప్పమనండి, ఫలానా పార్టీ ఇన్ని ఓట్లు గార్నర్ చేసిందని ఎక్కడో ఒకచోట కనబడుతుంది. ఇది పట్టుకోవాల్సిన మాట. ‘వే’ అంటే తూచడం అని అందరికీ తెలుసనుకుంటాం, కానీ ఏ దారి మంచిదో బేరీజు వేసుకోవడానికీ అదే మాట. గంధం అరగదీయడానికి వాడిన ‘గ్రైండ్’కీ, వంటింట్లో గ్రైండర్‌కీ చుట్టరికం ఉందని మా పిల్లలకు చెబితే గానీ తట్టలేదు. లిస్టులు తయారు చేసేవాళ్లు బరువైన మాటలనే ఏరుతారు. నిజానికి ఎక్కువ పని చేసేది ఈ నలిగిన మాటలే.

లెక్క కూడా ఒకసారి చూడండి. రోజుకు పది మాటల చొప్పున ఏడాదికి 3,650. సహాయం లేకుండా ఇంగ్లీష్ నవల చదవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల పద కుటుంబాలు తెలిసి ఉండాలని పాల్ నేషన్ అనే భాషావేత్త 2006లో అంచనా కట్టారు. పద కుటుంబం అంటే గ్రైండ్, గ్రైండర్, గ్రైండింగ్ అన్నీ కలిపి ఒకటి. లిస్టు పద్ధతి నిజంగా పనిచేస్తే మూడేళ్లలో ప్రతి పిల్లా నవలలు చదివేయాలి. చదవడం లేదు, ఎందుకంటే బట్టీ పట్టింది మిగలదు. నేర్చుకున్నది మొదటి రోజుల్లోనే ఎంత వేగంగా జారిపోతుందో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త 1885లోనే లెక్క కట్టి చూపించాడు. మాట నిలవాలంటే అది వేరువేరు చోట్ల, కొంత ఎడంతో, మళ్లీ మళ్లీ తగలాలి. ఆ పని చదవడం వల్లే అవుతుంది.

అయితే తనకు మించినది చదవకూడదు. నేషన్ అంచనా కూడా పేజీలో నూటికి 98 మాటలు తెలిసి ఉండాలన్న లెక్క మీద వేసిందే. మూడొందల మాటల పేజీ అయితే తెలియనివి ఆరు దాటకూడదు. పుస్తకం మధ్యలో ఒక పేజీ తీసి అమ్మాయినే లెక్కపెట్టమనండి, ఎక్కువైతే పక్కన పెట్టేయండి. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు, కోఠీలోనూ దొరుకుతాయి. ఈ పరీక్ష అక్కడే నిలబడి చేయొచ్చు. అటువైపు వెళ్తే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ కూడా ఉంది.

నోట్సు విషయంలో నేను పెట్టిన నియమం ఒకటే. మాట, దాని పక్కన అర్థం రాయకూడదు. అది కనబడిన వాక్యం యథాతథంగా రాయాలి, కింద సొంత వాక్యం. సొంత వాక్యంలో ఆ మాటను వేలితో మూసి ఇంకొకరికి చూపిస్తే, మూసిన మాట ఏమిటో వాళ్లు ఊహించగలగాలి. ‘ఐ సా ఎ స్కాబర్డ్’ ఇక్కడ నిలవదు. ఇది ఇంట్లో మీరు చేయించగలిగే పని. మీకు ఇంగ్లీష్ అంతగా రాదని రాశారు, అదేం అడ్డు కాదు. వాక్యం తెలుగులో చెప్పించుకోండి, ఖాళీలో ఏ మాట పడుతుందో మీకు తట్టకపోతే మార్చి రాయమనండి.

నిఘంటువు కొనేటట్టయితే నేర్చుకునేవాళ్ల కోసం తయారు చేసిన ఇంగ్లీష్–ఇంగ్లీష్ డిక్షనరీ కొనండి. ఇంగ్లీష్–తెలుగు నిఘంటువు అర్థం చెబుతుంది, వాడే తీరు అంతగా చెప్పదు. మనం ‘దాని గురించి చర్చించాం’ అంటాం కాబట్టి ‘డిస్కస్డ్ అబౌట్’ అనేస్తాం, టీచర్లం కూడా. ఆ ‘అబౌట్’ అక్కర్లేదని అలాంటి డిక్షనరీలోని ఉదాహరణ వాక్యం చూస్తే తెలిసిపోతుంది. ఫోన్లో చూసినా ఫరవాలేదు, ఉదాహరణల దాకా కిందికి జరిపి చదవాలి.

ట్యూషన్ మాటకొస్తే, చేర్చే ముందు వెళ్లి ఒక క్లాసు వినండి. అక్కడా మళ్లీ మీనింగ్స్, సారాంశం రాయిస్తున్నారంటే స్కూల్లో జరిగేదే సాయంత్రం డబ్బులిచ్చి ఇంకోసారి చేయించుకోవడం అవుతుంది. పోయెమ్ చదివించి, పిల్లను మాట్లాడనిచ్చే మనిషి దొరికితే చేర్చండి. దొరక్కపోతే ఆ గంట అమ్మాయిని పుస్తకంతో వదిలేయండి. మార్కులు మొదటి టర్మ్‌లో కాస్త అటూ ఇటూ కావచ్చు, ఎందుకంటే సొంత జవాబులకు కీ చూసి దిద్దేవాళ్లు ఒక్కోసారి మార్కు కోస్తారు. పేరెంట్స్ మీటింగ్‌లో ఆ పేపరు తీసుకెళ్లి టీచరుతో నెమ్మదిగా మాట్లాడండి. జవాబు టెక్స్టుకు కట్టుబడి ఉంటే చాలామంది వేస్తారు.