శనివారం బడికి వెళ్ళబోయే మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పింది విని చాలా సంతోషపడ్డాను. ఫిలడెల్ఫియాకి మారి మూడు నెలలు కాలేదు, అప్పుడే మీ ఆఫీసులో ఒకావిడ పిలిచిందని బీడీపీఏ వాళ్ళ శనివారం కంప్యూటర్ క్లాసులకి వెళ్దామనుకుంటున్నావు. "నువ్వు ఒహాయోలో పదిహేనేళ్ళు వెళ్ళావు కదా మామయ్యా, ఏం చెయ్యాలో చెప్పు" అన్నావు. ఫోన్లో అయితే నేను మొదలుపెడితే ఆపనని మీ అత్తయ్య భయం. అందుకని రాస్తున్నాను. రాసినా ఆపనని ఆవిడకి ఇంకా తెలీదు.

ముందు నువ్వు వెళ్ళేది ఎవరింటికో తెలుసుకుని వెళ్ళు. బీడీపీఏ అంటే బ్లాక్ డేటా ప్రాసెసింగ్ అసోసియేట్స్. అది పుట్టింది మీ ఊళ్ళోనే, 1975లో. ఎర్ల్ పేస్, డేవిడ్ వింబర్లీ అని ఇద్దరు మొదలుపెట్టారు. ఇప్పుడు ఐటీ అంటున్నదాన్ని అప్పట్లో డేటా ప్రాసెసింగ్ అనేవాళ్ళు. గదంత పెద్ద మెయిన్‌ఫ్రేము కంప్యూటర్లు, ప్రోగ్రాముని చిల్లులు పొడిచి ఎక్కించే పంచ్‌కార్డుల కాలం. ఆ రంగంలో నల్లజాతి వాళ్ళు చేరడమే తక్కువ, చేరినా పైకి రానిచ్చేది తక్కువ. మేనేజర్ల గదుల్లో వాళ్ళు కనిపించేవాళ్ళే కాదు. ఎక్కడ ఖాళీ ఉందో చెప్పేవాళ్ళు ఉండరు, ఉన్న ఉద్యోగంలో పై మెట్టుకి కావలసిన పని నేర్పేవాళ్ళు ఉండరు. వీళ్ళిద్దరూ కలిసి 35 మందిని పోగేశారు. పని ఒకరికొకరు నేర్పుకున్నారు, ఎక్కడ ఉద్యోగాలున్నాయో ఒకరికొకరు చెప్పుకున్నారు. మనవాళ్ళు వాట్సాప్ గ్రూపుల్లో "మా టీమ్‌లో ఓపెనింగ్ ఉంది, రెజ్యూమే పంపు" అనుకుంటారు చూడు, వాళ్ళు అదే పని 1975లో చేశారు. 1978లో వాషింగ్టన్‌లో, 1980 కల్లా క్లీవ్‌లాండ్, షికాగోల్లో చాప్టర్లు, అంటే శాఖలు, వచ్చాయి. 1986లో హైస్కూలు పిల్లలకి కంప్యూటర్ పోటీ మొదలైంది. నువ్వు వెళ్ళబోయే శనివారం క్లాసుల్లాంటివన్నీ ఆ పోటీ చుట్టూ పెరిగినవే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను ఇది తెలియకుండా వెళ్ళి మొదటి రోజే నోరు జారాను.

2000 సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాముల్లో తేదీలు తప్పుతాయని అందరూ భయపడిన ఆ వైటూకే పుణ్యమా అని, కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష పట్టుకుని నేను 1998లో ఇక్కడికి వచ్చినవాణ్ణని నీకు తెలుసు. నా పక్క సీట్లో నల్లజాతి పెద్దావిడ ఒకరు ఉండేవారు. మెయిన్‌ఫ్రేముకి ఏ పని ఎలా నడపాలో చెప్పే జాబ్ కంట్రోల్ లాంగ్వేజ్‌లో నాకు తెలియనివన్నీ విసుక్కోకుండా చెప్పిన మనిషి. కొన్నేళ్ళకి ఆవిడే ఒక శనివారం నన్ను క్లాసుకి తీసుకెళ్ళారు. చర్చి కింద బేస్‌మెంట్‌లో పద్నాలుగు మంది పిల్లలు. నన్ను పరిచయం చేసి, రెండు ముక్కలు మాట్లాడమన్నారు. నేను లేచి, మా ఊళ్ళో కరెంటు ఉండేది కాదనీ, లాంతరు దగ్గర చదివాననీ, కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చనీ ఒక ఉపన్యాసం దంచాను. పిల్లలు మర్యాదగా విన్నారు. వాళ్ళ మొహాల్లో ఏమీ కదల్లేదు.

క్లాసయ్యాక ఆవిడ నన్ను మెట్ల దగ్గర ఆపారు. కోపంగా కాదు, మామూలుగానే చెప్పారు. తను చదివిన బడికి తెల్లపిల్లలు వాడి పారేసిన పుస్తకాలు వచ్చేవట, మొదటి పేజీలో వేరే బడి స్టాంపుతో సహా. "నువ్వు కష్టపడ్డావు, కాదనను. మా అమ్మానాన్నలు ఏం చేశారనుకుంటున్నావు?" అన్నారు. తర్వాత ఇంకో ప్రశ్న వేశారు: మీవాళ్ళు ఈ దేశానికి ఎప్పుడు రావడం మొదలుపెట్టారో, ఎలా రాగలిగారో తెలుసా అని. తెలీదు. ఇంటికొచ్చి చదువుకున్నాను. 1946 చట్టం ప్రకారం మన దేశం నుంచి ఏడాదికి వంద మందికే కోటా. అది పోయింది 1965 వలస చట్టంతో. అంతకుముందు ఏడాది, 1964లో, పౌరహక్కుల చట్టం వచ్చింది. దేశాన్ని బట్టి, జాతిని బట్టి మనుషుల్ని ఆపడం తప్పన్న మాటని ఈ దేశం చెవికెక్కించిన ఉద్యమం వాళ్ళది. వీధుల్లో దెబ్బలు తిన్నది వాళ్ళు, ఆ తెరిచిన తలుపులోంచి నడిచి వచ్చింది మనం. లాంతరు కథ నేను మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు మొదలే పెట్టకు.

ఇక పనుల సంగతి. కాగితాలు ముందు చూసుకో. పెన్సిల్వేనియాలో పిల్లలతో పనిచేసే వలంటీర్లకి స్టేట్ పోలీసు క్రిమినల్ రికార్డు చెక్, చైల్డ్ అబ్యూజ్ క్లియరెన్స్ రెండూ ఉండాలి. వలంటీర్లకి ఈ రెండూ ఉచితం. గత పదేళ్ళూ ఆ రాష్ట్రంలోనే ఉన్నవాళ్ళకి ఎఫ్‌బీఐ వేలిముద్రలు అక్కర్లేదు గానీ నువ్వు మొన్ననే డాలస్ నుంచి వచ్చావు కాబట్టి నీకు అవీ తప్పవు, దానికి ఫీజు కట్టాలి. ఐదేళ్ళదాకా చెల్లుతాయి. చాప్టర్ వాళ్ళు అడిగేదాకా ఆగకు, ఇప్పుడే అప్లై చెయ్యి. ఇంకోటి, నీది హెచ్‌1బీ. ఊరికే వెళ్ళి సాయం చెయ్యడం ఒకటి, మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని నువ్వు ఉచితంగా చెయ్యడం ఒకటి. మొదటిదానికి ఇబ్బంది లేదు, రెండోది చిక్కు. ఎవరైనా మంచి మనసుతో స్టైపెండ్ ఇస్తామన్నా, గిఫ్ట్ కార్డు ఇస్తామన్నా చేతులు జోడించి వద్దను. అనుమానం ఉంటే మీ లాయర్ని అడుగు, నన్ను కాదు.

ఏ పిల్లాడితోనూ, పిల్లతోనూ గదిలో ఒక్కదానివే ఉండకు. పర్సనల్ నంబర్‌కి మెసేజీలు పెట్టించుకోకు. కార్లో దింపాల్సి వస్తే ఇంకో పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. నీ మీద నమ్మకం లేక కాదు, ఇవి అందరికీ ఉన్న నియమాలే.

మొదటి నెల నేర్పడానికి తొందరపడకు. కుర్చీలు వెయ్యి, ఎక్స్‌టెన్షన్ బాక్సులు మొయ్యి, పిజ్జా పెట్టెలు సర్దు. పేర్లు నేర్చుకో. ఒక్కో పేరు మనకి కొత్తగా ఉంటుంది, నోరు తిరగదు. అడిగి, రాసుకుని, సరిగ్గా పలుకు. ముద్దుగా ఉంటుందని కురచ చెయ్యకు. నీ పేరుని ఈ దేశంలో ఎంతమంది ఎన్ని ముక్కలు చేశారో నాకు తెలుసు, అప్పుడు నీకెంత మండేదో కూడా తెలుసు.

నీకో సంగతి ముందే చెప్పాలి, తర్వాత నొచ్చుకోకుండా. ఆ క్లాసులో పిల్లలకి నీకంటే ఎక్కువ అవసరమైన మనుషులు అక్కడ ఇంకొందరు ఉంటారు. బ్యాంకులోనో ఇన్సూరెన్స్ కంపెనీలోనో డేటాబేస్ చూసే నల్లజాతి పెద్దమనిషి, వాళ్ళ వీధిలోనే పెరిగినవాడు, శనివారం పూట జీన్స్ వేసుకుని వచ్చి వాళ్ళ పక్కన కూర్చుంటాడు. ఆయన్ని చూడగానే పిల్లలకి ఏదో తెలుస్తుంది. అది నువ్వూ నేనూ ఇవ్వలేం. దానికోసమే కదా వాళ్ళు సొంతంగా ఈ సంఘం పెట్టుకున్నది. కాబట్టి ముందు నిలబడి చెప్పే పాఠం ఆయన చేతికి వదిలెయ్యి. ఎర్రర్ వచ్చి బిక్కమొహం వేసిన పిల్లాడి పక్కకి నువ్వు వెళ్ళు.

అక్కడ ఒకటే నియమం. కీబోర్డు ముట్టుకోకు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాణ్ణి, లేకపోతే ఆగవు. నువ్వు పది సెకన్లలో సెమికోలన్ పెట్టేసి వెళ్ళిపోతే వాడు నేర్చుకునేది నీకు వచ్చనే. ఎర్రర్ మెసేజ్ గట్టిగా చదవమను. పిల్లలు దాన్ని తిట్టులాగా తీసుకుంటారు, చదవకుండా మూసేస్తారు. చదివితే సగంసార్లు లైన్ నంబరు అందులోనే ఉంటుంది. తర్వాత "నువ్వేం అవ్వాలనుకున్నావు, ఏం అయింది?" అని అడిగి ఊరుకో. ఆ ఊరుకోవడమే కష్టం, మన ఇంటి రక్తంలో లేదు.

మిషన్ల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. బడి ఇచ్చిన క్రోమ్‌బుక్కులు, అంటే ఎక్కువగా బ్రౌజర్ మీదే నడిచే చిన్న లాప్‌టాప్‌లు, తెస్తారు చాలామంది. వాటిలో బడివాళ్ళు తాళం వేసి ఉంచుతారు, నువ్వేమీ ఇన్‌స్టాల్ చెయ్యలేవు, కొన్ని సైట్లు తెరుచుకోవు. కాబట్టి మొదటి వారాలకి బ్రౌజర్లో నడిచేవే పెట్టుకో, అవి కూడా ఆ క్రోమ్‌బుక్ మీదే ముందురోజు తెరిచి చూసుకో. పోటీ టీముకి మాత్రం అసలైన లాప్‌టాప్‌లు కావాలి. మా పిల్లలు పోటీకి పూర్తి వెబ్ అప్లికేషన్ కట్టేవాళ్ళు, వెనక డేటాబేస్‌తో సహా. కావలసిన సాఫ్ట్‌వేరంతా పెన్‌డ్రైవులో వేసుకుని వెళ్ళు. ఇరవై మంది ఒకేసారి డౌన్‌లోడ్ కొడితే చర్చి వైఫై మీద ఆశ పెట్టుకోకూడదు.

ఒకసారి ఒక పెద్ద కంపెనీ, పేరెందుకులే, పన్నెండు లాప్‌టాప్‌లు దానం చేసింది. ఫోటోలు దిగారు, చప్పట్లు కొట్టాం. శనివారం తెరిస్తే అన్నీ ఇంకా వాళ్ళ కంపెనీ లాగిన్ అడుగుతున్నాయి. వాళ్ళ లిస్టులోంచి తీసేయడం మర్చిపోయారు. పైగా చార్జర్లు ఐదే. అవి సరిచేయించడానికి నాకు ఏడు వారాలు, లెక్కలేనన్ని ఫోన్లు పట్టాయి. ఈలోగా పిల్లలు ముగ్గురికొకటి చొప్పున కూర్చున్నారు. ఎవరు దానం ఇస్తామన్నా మూడు అడుగు: డిస్క్ తుడిచారా, మీ సిస్టంలోంచి తీసేశారా, చార్జర్ ఉందా. ఫోటో తర్వాత.

పిల్లలు రాకపోతే శ్రద్ధ లేదనుకోకు. ఒకమ్మాయి రెండు వారాలు రాలేదు. నేను మనసులో ఏదో అనేసుకున్నాను. అడిగితే శనివారాలు వాళ్ళమ్మకి డ్యూటీ, తమ్ముణ్ణి చూసుకోవాలి. మా పెద్దావిడ "తమ్ముణ్ణి కూడా తీసుకురా" అన్నారు. ఏడేళ్ళవాడు. మొదటి రోజే రెండు మౌసులు విరగ్గొట్టాడు, మానిటర్ల వెనక దూరి వైర్లు పీకాడు. ఆ అమ్మాయి మాత్రం ఆ ఏడు ఇంక ఒక్క శనివారం మానలేదు. క్లాసు టైము పెట్టేటప్పుడు బస్సు ఎన్నింటికి వస్తుందో చూసి పెట్టండి. మన క్యాలెండరు చూసుకుని కాదు.

తినేవి తీసుకెళ్ళాలనిపిస్తుంది నీకు, మీ అమ్మ కూతురివి. ముందు అలర్జీలు అడుగు. మీ అత్తయ్య పల్లీ ఉండలు డబ్బా నిండా చేసి పంపింది ఒకసారి. వేరుశెనగ పడని పిల్లాడు గదిలో ఉన్నాడు. ఎవరో చూసి అడిగారు కాబట్టి సరిపోయింది. ఆ డబ్బా నేను కారులోనే ఖాళీ చేశాను.

పోటీ దగ్గర పడ్డాక అందరికీ టెన్షన్. పిల్లలు జట్టుగా కోడ్ రాయాలి, దాన్ని జడ్జీల ముందు నిలబడి వివరించాలి. కోడ్ దగ్గర నీ సాయం పనికొస్తుంది. మాట్లాడే దగ్గర నువ్వు తగ్గు. చర్చిలో చిన్నప్పటి నుంచి నిలబడి చదివిన పిల్లలు కొందరుంటారు. మా టీములో ఒకబ్బాయి డేటాబేస్ టేబుళ్ళ గురించి చెప్తుంటే నేనే కొత్తగా నేర్చుకున్నట్టు విన్నాను. వాళ్ళ ప్రసంగం నువ్వు రాసి ఇవ్వకు. అంతకుముందు ఒకసారి నేను రాసిచ్చాను. ఒకమ్మాయి నా ఇంగ్లీషు చదువుతూ మధ్యలో ఆగి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని సొంతంగా చెప్పింది. ఆ రౌండులో అదే బాగుంది.

స్ఫూర్తి కథలు చెప్పాలనిపిస్తే మన లాంతర్లు వద్దన్నాను కదా, వాళ్ళ కథలు వాళ్ళకే బోలెడున్నాయి. మా ఒహాయోలోనే ఆనీ ఈస్లీ ఉండేవారు. అలబామాలో పుట్టారు. అక్కడ నల్లవాళ్ళు ఓటు హక్కు కోసం రాయాల్సిన పరీక్షకి సాటివాళ్ళని తయారుచేశారు. 1955లో క్లీవ్‌లాండ్‌లో, తర్వాత నాసాలో కలిసిన ల్యాబ్‌లో లెక్కలు కట్టే ఉద్యోగంలో చేరారు. దాదాపు 2,500 మందిలో నల్లజాతి వాళ్ళు నలుగురే. చేతి లెక్కలు పోయి కంప్యూటర్లు వస్తే ప్రోగ్రామింగ్ నేర్చుకుని సెంటార్ రాకెట్ పనిలో ఉన్నారు. 34 ఏళ్ళ సర్వీసు, మధ్యలో బడిపిల్లలకి పాఠాలు చెప్పడం కూడా. అయితే ఇవి కూడా నువ్వు చెప్పక్కర్లేదు. అక్కడి పెద్దవాళ్ళకి నీకంటే ఎక్కువ తెలుసు, నువ్వు వాళ్ళ పక్కన కూర్చుని విను.

చివరగా మనవాళ్ళ గురించి. ఏదో ఒక భోజనాల దగ్గర ఎవరో "అటువైపా? సేఫేనా?" అంటారు. "నల్లోళ్ళు" అని ఒక రకంగా అంటారు, ఆ 'రకం' నీకు తెలుసు. నేను మొదట్లో వాదించేవాణ్ణి, భోజనాలు పాడయ్యేవి, మనుషులు మారేవాళ్ళు కాదు. తర్వాత "నాకు ఈ శనివారం కేబుళ్ళు మొయ్యడానికి మనిషి కావాలి, వస్తావా?" అని అడగడం మొదలుపెట్టాను. ఆరుగురిని అడిగితే ఇద్దరు వచ్చారు. ఒకాయన ఇప్పటికీ వెళ్తున్నాడు.

వేలిముద్రల అపాయింట్‌మెంట్ ఈ వారంలోనే తీసుకో. నా దగ్గర పాత లాప్‌టాప్ ఒకటి ఉంది, డిస్క్ తుడిచేశాను, లాగిన్ ఏమీ అడగదు. వచ్చే నెల మీ అత్తయ్య అటు వస్తున్నప్పుడు పంపిస్తాను. చార్జర్ విడిగా కవర్లో పెట్టి, మీద నీ పేరు రాశాను.

మీ మామయ్య