పాలు తాగే బిడ్డ నుదుటి చెమట

చిరంజీవి చిన్నతల్లికి, గుంటూరు నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నర్సు ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కాకముందే, నువ్వు తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో బాలింతలను కూర్చోబెట్టి, పుట్టుకతో గుండెలో వచ్చే రంధ్రాల గురించి చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. మన ఇంటి పిల్ల ఇంత పనికి పూనుకుందని పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

గుండె బొమ్మ గీసి చూపించు. పై గదుల మధ్య గోడలో రంధ్రముంటే ఏఎస్‌డీ, కింది గదుల మధ్య ఉంటే వీఎస్‌డీ అని చెబితే చాలు. గ్రహణం నాడు బయట తిరిగినందుకే ఇలా అయిందని ఏ అత్తగారైనా కోడలిని నిందిస్తే మాత్రం ఊరుకోకు. గర్భం నిలిచిన ఎనిమిది వారాలకే గుండె గదులు దాదాపుగా ఏర్పడిపోతాయని, అందులో ఆమె తప్పేమీ లేదని అందరి ముందూ చెప్పు.

ఇక నన్ను ఇన్నేళ్లుగా వదలని సంగతి. నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏట, రోహిణి కార్తెలో, ఒక తల్లి రెండు నెలల మగబిడ్డను తెచ్చింది. రొమ్ము పట్టిన కాసేపటికే వదిలేసి ఆయాసపడుతున్నాడని, నుదురంతా చెమటతో తడిసిపోతోందని చెప్పింది. నేను కూడా చెమట తుడుచుకుంటూ, "ఈ ఎండలకు పెద్దవాళ్లమే తట్టుకోలేకపోతున్నాం, పలచని గుడ్డ వేయమ్మా" అని పంపించేశాను. పుట్టినప్పుడు గుండె చప్పుడు బాగానే ఉందని రాసిన కాగితం చూసి ధైర్యపడ్డాను. బరువు తూచలేదు. చొక్కా విప్పి డొక్కలు ఎగరేస్తున్నాడేమో చూడలేదు. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల్లో పీడనం ఎక్కువగా ఉంటుంది కనుక పెద్ద వీఎస్‌డీ ఉన్నా చప్పుడు వినిపించకపోవచ్చని, వారాలు గడిచి ఆ పీడనం తగ్గేకొద్దీ ఎడమవైపు రక్తం కుడివైపుకు పొర్లి ఊపిరితిత్తులను ముంచెత్తుతుందని, అప్పుడు పాలు తాగడమే ఆ పసివాడికి మోయలేని చాకిరీ అవుతుందని నాకు అప్పటికి తెలియదు. ఆ బిడ్డ మళ్లీ మళ్లీ న్యుమోనియాతో వచ్చాడు. ఎకో, అదే గుండె స్కానింగు, తీసేసరికి మూడో ఏడు నడుస్తోంది. ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడిపోయాయి, ఇప్పుడు రంధ్రం మూస్తే ప్రాణానికే ముప్పు అన్నారు. ఆ తల్లి నన్ను ఒక్క మాటా అనలేదు. వెళ్తూ వెళ్తూ నాకు నమస్కారం పెట్టింది.

అందుకే, ఎండాకాలం గదా అని ఎవరన్నా నువ్వు మాత్రం అనుకోకు. బిడ్డ నిమ్మళంగా ఉన్నప్పుడు నిమిషం నిండా ఊపిరులు లెక్కపెట్టు. రెండు నెలల లోపు 60, ఆపైన ఏడాది లోపు 50 ఉన్నా, దాటినా డాక్టరు దగ్గరికి పంపించు. వేలికి పెట్టే ఆక్సీమీటరు మంచి అంకె చూపినంత మాత్రాన వీఎస్‌డీ లేదనుకోవద్దు. అలాగని తల్లులను బెదరగొట్టకు తల్లీ, చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతట అవే మూసుకుపోతాయి. ఆపరేషన్ ఖర్చుకు భయపడేవారికి, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం గురించి చెప్పు.

కొక్కేనికి తగిలించే నా పాత బరువు కాటా ఇంకా సరిగ్గానే తూస్తోంది. ఆదివారం భోజనానికి వచ్చి తీసుకెళ్లు.

మీ పెద్దమ్మ