ఉబుంటు నుంచి విండోస్ కంప్యూటర్‌ను నడపడం

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉంది. ఆఫీసు కంప్యూటర్‌లో విండోస్ 11 ప్రో, ఊళ్ళో నాన్నగారి కంప్యూటర్‌లో విండోస్ 11 హోమ్ ఉన్నాయి. రెండింటినీ ఇంటి నుంచే నడపడానికి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఉంది. అయితే రెండింటికీ వేర్వేరు మందులు మేలు. ఆఫీసు కంప్యూటర్‌కు రెమ్మినా అనే సాఫ్ట్‌వేర్‌ను మీ ఉబుంటులో వేసుకుంటే చాలు. ఇది ఫ్రీఆర్‌డీపీ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఆధారంగా, దూరం నుంచి కంప్యూటర్‌ను నడపడానికి విండోస్ వాడే ఆర్‌డీపీ (రిమోట్ డెస్క్‌టాప్ ప్రోటోకాల్) పద్ధతిలోనే అనుసంధానమవుతుంది. దూరపు కంప్యూటర్‌ను అందుకునే వేరే పద్ధతులైన వీఎన్‌సీ, ఎస్‌ఎస్‌హెచ్ కూడా దానికి తెలుసు. విండోస్ సెట్టింగ్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్‌ను ఆన్ చేసి, రెమ్మినా పైగడిలో ఆ కంప్యూటర్ ఐపీ చిరునామా కొట్టి ఎంటర్ నొక్కి, అడిగినప్పుడు యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తే ఆఫీసు తెర మీ ముందుంటుంది. పని సులువు కావాలని ఆర్‌డీపీ వాడే 3389 పోర్టును రౌటర్‌లో నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచే పొరపాటు మాత్రం చేయకండి. పాస్‌వర్డ్‌లు ఊహించి చొరబడేవారు వెతికే తలుపు అదే. ఆఫీసువారి అనుమతితో, వారి వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే సురక్షిత దారి) ద్వారానే వెళ్ళండి.

హోమ్ ఎడిషన్‌లో బయటివారిని ఆర్‌డీపీతో లోపలికి రానిచ్చే సౌకర్యం లేదు కనుక, నాన్నగారి కంప్యూటర్‌కు రస్ట్‌డెస్క్ అనే మరో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మేలు. రెండు వైపులా దాన్ని వేసుకున్నాక, తన తెరపై కనిపించే ఐడీని, తాత్కాలిక పాస్‌వర్డ్‌ను ఆయన మీకు ఫోన్ చేసి చదివి చెబితే (కళ్ళజోడు పెట్టుకోమని ముందే చెప్పండి), మీరు వాటిని మీ రస్ట్‌డెస్క్‌లో కొడితే సరిపోతుంది. మామూలుగా ఇది తయారీదారుల సర్వర్ సాయంతో కలుపుతుంది. అది ఇష్టం లేకపోతే సొంత సర్వర్‌ను కూడా పెట్టుకోవచ్చు.