విక్రమ్ దిగింది కదా, మనిషికి 2040 దాకా ఎందుకు ఆగాలి?

“ల్యాండర్‌ని దించేశాం. అందులోనే సీటు పెట్టి మనిషిని పంపొచ్చు కదా, మధ్యలో స్పేడెక్స్, చంద్రయాన్-4 దేనికి?” అన్నది మీ ప్రశ్న. చంద్రుడి మీదికి మన మనిషిని 2040 నాటికి పంపాలన్నది లక్ష్యం. కానీ చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ తిరిగి రాలేదండీ, రావడానికి కట్టిందీ కాదు. చిక్కంతా అక్కడే.

ముందు బరువు చూడండి. మన ఎల్‌వీఎం3 రాకెట్ మోసుకెళ్లిన చంద్రయాన్-3 మొత్తం సుమారు 3,900 కిలోలు. అందులో సగానికి పైగా ల్యాండర్‌ని చంద్రుడి దాకా తోసుకెళ్లే ప్రొపల్షన్ మాడ్యూలే. మనుషుల్ని దించి వెనక్కి తెచ్చిన అపోలో 11 నౌక 40 టన్నులు దాటింది. అంత బరువు ఒక్కసారిగా మోసే రాకెట్ మనకు లేదు కాబట్టి ముక్కలుగా పంపి పైన కలపాలి. 2024 డిసెంబర్ 30న వెళ్లిన స్పేడెక్స్ పని అదే: ఒక్కోటి 220 కిలోల ఉపగ్రహాలు రెండు. దగ్గరికి తెస్తుంటే అనుకున్నదానికంటే ఎక్కువగా జరిగిపోవడంతో డాకింగ్ (రెండూ కలవడం) వాయిదా పడింది. జనవరి 12న 3 మీటర్ల దాకా తెచ్చి వెనక్కి లాగారు. 16న కలిశాయి.

చంద్రుడి మట్టిని భూమికి తేవాల్సిన చంద్రయాన్-4లో అయిదు మాడ్యూళ్లు (నౌక భాగాలు), రెండు రాకెట్లు. భూకక్ష్యలో కలవడం ఒక ఎత్తు. మట్టితో పైకి లేచిన భాగం చంద్రకక్ష్యలో తిరుగుతున్నదాన్ని పట్టుకోవడం ఇంకో ఎత్తు. భూమి నుంచి ఆదేశం వెళ్లడానికే 1.3 సెకన్లు, జవాబుకు ఇంకో 1.3. చివరి మీటర్లలో తనంతట తనే చూసుకోవాలి. చంద్రుడి మీంచి పైకి లేవడంలో ఇప్పటిదాకా మన అనుభవం 2023 సెప్టెంబర్ 3న విక్రమ్ ఎగిరిన సుమారు 40 సెంటీమీటర్లు, అంతే!

ఆ తర్వాత భూమికి తిరిగి రాక. చంద్రుడి నుంచి వచ్చేది సెకనుకు 11 కిలోమీటర్లతో వాతావరణంలోకి దూరుతుంది. భూకక్ష్య నుంచి దిగే గగన్‌యాన్‌కి దాదాపు 7.8. కిలోకి ఉండే శక్తి రెట్టింపన్నమాట. ఆ వేడిని తట్టుకునే కవచాన్ని ముందు మనిషితో కాకుండా, చంద్రుడి మట్టిని తెచ్చేటప్పుడు పరీక్షించడమే నయం.

రోబోతో తప్పు జరిగితే దిద్దుకోవచ్చు. 2019లో దిగుతూ కూలిన చంద్రయాన్-2 ల్యాండర్ ఇంజన్లు అనుకున్నదానికంటే ఎక్కువ తోపునిచ్చాయి, తేడాలు పోగుపడ్డాయి. సరిదిద్దుకోవడానికి గబుక్కున తిరగాల్సి వస్తే, తిరిగే వేగానికి సాఫ్ట్‌వేర్‌లో పరిమితి ఉంది. పైగా దిగాల్సిన చోటు 500 మీటర్ల చదరమే. తర్వాతి సారి, చంద్రయాన్-3లో, దాన్ని 4 × 2.4 కిలోమీటర్లు చేశారు, అయిదు ఇంజన్లని నాలుగు చేశారు, కాళ్లు సెకనుకు 3 మీటర్ల వేగం తట్టుకునేలా గట్టిచేశారు.

2040 నిలబడుతుందో లేదో అంచనా వెయ్యాలంటే, చంద్రయాన్-4 దిగే రోజు కాదు, మళ్లీ లేచి చంద్రకక్ష్యలో కలిసే రోజు చూడండి.