రూట్ చేశాక లోగో దగ్గరే ఆగిన ఫోన్: డేటా పోకుండా లేపడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ అవగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేసి, మ్యాజిస్క్ అనే టూల్‌తో రూట్ చేశారు (అంటే సిస్టమ్‌పై పూర్తి అధికారం తెచ్చుకున్నారు), కొన్నాళ్లు బాగానే నడిచింది. మ్యాజిస్క్‌కి జతచేసే కొత్త మాడ్యూల్ ఒకటి వేసి రీస్టార్ట్ చేసేసరికి బూట్ యానిమేషన్ తిరుగుతూనే ఉంది. ఫోటోలకు బ్యాకప్ లేదు. అందరూ ఫ్యాక్టరీ రీసెట్ కొట్టమంటున్నారు, కొట్టాలా వద్దా?

ఇప్పుడే వద్దు. రీసెట్ చేస్తే డేటా పార్టిషన్ (స్టోరేజ్‌లో మీ ఫైళ్లు, యాప్‌ల డేటా ఉండే భాగం) మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. మాడ్యూళ్లు కూడా అక్కడే ఉంటాయి కాబట్టి ఫోన్ లేస్తుంది, నిజమే, కానీ ఫోటోలు తిరిగి రావు. పైగా తప్పు బూట్ ఇమేజ్‌లో (ఫోన్‌ని లేపే కెర్నల్ ఉండే ఫైల్) ఉంటే రీసెట్ చేసినా ఫోన్ లేవదు. డేటా పోతుంది, జబ్బు అలాగే ఉంటుంది. కాబట్టి ముందు ఫోన్ ఎక్కడ ఆగుతోందో చూడండి. ఎక్కడ ఆగిందో అక్కడే మరమ్మతు.

(కమాండ్‌లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. "డాష్ డాష్" అన్నచోట రెండు అడ్డగీతలు, వాటి తర్వాత ఖాళీ వదలకూడదు.)

పవర్ నొక్కగానే బూట్‌లోడర్ లేస్తుంది. అది వీబీమెటా (ఇమేజ్‌లను సరిచూసే సమాచారం ఉండే) పార్టిషన్ ఆధారంగా బూట్ ఇమేజ్‌ని సరిచూసి కెర్నల్‌ని (ఆండ్రాయిడ్ అడుగున ఉండే మూలభాగం) ఎక్కిస్తుంది. ఆ తర్వాత ఆండ్రాయిడ్‌ని అంచెలంచెలుగా లేపే ప్రోగ్రామ్‌లు: ఇనిట్, దాని వెనక జైగోట్, సిస్టమ్ సర్వర్. లోగో వచ్చిన కొన్ని సెకన్లకే ఫోన్ రీస్టార్ట్ అవుతున్నా, తనంతట తానే ఫాస్ట్‌బూట్‌లోకి (కంప్యూటర్ నుంచి ఇమేజ్‌లు వేసే మోడ్) వచ్చి కూర్చున్నా అనుమానం బూట్, ఇనిట్ బూట్, వీబీమెటా పార్టిషన్ల మీదే. యానిమేషన్ దాకా వచ్చిందంటే కెర్నల్ బాగానే ఉన్నట్టు. గొడవ మాడ్యూళ్లలోనో, డేటాలోనో, సిస్టమ్ యాప్‌లలోనో ఉంటుంది. బూట్‌లోడర్ అన్‌లాక్ అయిందని చెప్పే నారింజ రంగు హెచ్చరికను మాత్రం పట్టించుకోకండి, అన్‌లాక్ చేసిన ఫోన్‌లో అది ప్రతిసారీ వస్తుంది. "డివైజ్ ఈజ్ కరప్ట్" అని ఎర్రగా వస్తేనే వెరిఫికేషన్ తప్పినట్టు.

ఇంకో వల ఉంది. కొద్దిసేపట్లో చాలాసార్లు క్రాష్ అయ్యాక ఫోన్ రికవరీలోకి (మరమ్మతు మెనూ) వెళ్లి, సిస్టమ్ లోడ్ కాలేదు, డేటా పాడై ఉండొచ్చు అంటూ రెండే దారులు చూపిస్తుంది: "ట్రై అగైన్", "ఫ్యాక్టరీ డేటా రీసెట్". ఆండ్రాయిడ్ 8 నుంచి ఉన్న రెస్క్యూ పార్టీ అనే ఏర్పాటు పని ఇది. డేటా నిజంగా పాడైందని దానికి తెలియదు, పదే పదే క్రాష్ అయిందని మాత్రమే తెలుసు. రీసెట్ జోలికి వెళ్లకుండా పవర్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి పట్టుకుని ఫాస్ట్‌బూట్‌లోకి రండి.

మీ సంగతి యానిమేషన్ దాకా వచ్చింది కాబట్టి మాడ్యూల్ నుంచే మొదలుపెడదాం. యూఎస్‌బీ డీబగ్గింగ్ ముందే ఆన్‌లో ఉండి, ఈ కంప్యూటర్‌కి ఇదివరకే అనుమతి ఇచ్చి ఉంటే పని తేలిక. ఫోన్ కేబుల్‌కి తగిలించి, కంప్యూటర్‌లో ఏడీబీ (కేబుల్ ద్వారా ఫోన్‌కి కమాండ్‌లు పంపే టూల్)తో ఇది కొట్టి వదిలేయండి:

ఏడీబీ వెయిట్-ఫర్-డివైజ్ షెల్ మ్యాజిస్క్ డాష్ డాష్ రిమూవ్-మాడ్యూల్స్

ఇప్పుడు ఫోన్‌ని ఆన్ చేయండి. యానిమేషన్ మొదలయ్యాక ఏడీబీ లేచిన క్షణాన కమాండ్ నడిచి, మాడ్యూళ్లన్నీ పోయి, ఫోన్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. మాడ్యూళ్లలో మీరు చేసుకున్న సెట్టింగులు పోతాయి, ఫోటోలు పోవు. "ఏడీబీ డివైసెస్" కొడితే "అన్‌ఆథరైజ్డ్" అని వస్తే మాత్రం ఈ దారి మూసుకున్నట్టే, అనుమతి అడిగే డబ్బా తెరమీదకు రాదు కదా.

అప్పుడు సేఫ్ మోడ్. యానిమేషన్ మొదలవగానే వాల్యూమ్ తగ్గించే బటన్ నొక్కి, లాక్ స్క్రీన్ వచ్చేదాకా వదలకండి. సేఫ్ మోడ్‌ని మ్యాజిస్క్ గుర్తుపట్టి మాడ్యూళ్లన్నిటినీ ఆపేస్తుంది. తర్వాత మామూలుగా రీస్టార్ట్ చేసినా అవి ఆగే ఉంటాయి, యాప్‌లోకి వెళ్లి తప్పుచేసిన దాన్ని తీసేయొచ్చు. కెర్నల్ఎస్‌యూ (మ్యాజిస్క్ లాంటి మరో రూట్ టూల్) వాడేవాళ్లకు పద్ధతి వేరు: మొదటి లోగో పోయాక అదే బటన్‌ని నొక్కి వదులుతూ మూడుసార్ల కంటే ఎక్కువ నొక్కాలి. పట్టుకుని ఉంచితే పనిచేయదు. ఈ తేడా తెలియకే చాలామంది సేఫ్ మోడ్ రావట్లేదని వదిలేస్తారు.

రెండూ కుదరకపోతే ఒరిజినల్ బూట్ ఇమేజ్‌ని తిరిగి ఫ్లాష్ చేయండి (అంటే ఫాస్ట్‌బూట్ నుంచి పార్టిషన్‌లోకి ఎక్కించండి, కమాండ్‌లు కింద ఉన్నాయి). బూట్‌లో మ్యాజిస్క్ లేకపోతే మాడ్యూళ్లను ఎక్కించేవాడే ఉండడు, ఫోన్ రూట్ లేకుండా లేస్తుంది, డేటా అలాగే ఉంటుంది. వెంటనే ఫోటోలు కాపీ చేసుకోండి. అయితే పాడు మాడ్యూల్ మాత్రం డేటాలోని ఏడీబీ ఫోల్డర్‌లో అలాగే పడి ఉంటుంది. మళ్లీ ప్యాచ్ చేసిన (మ్యాజిస్క్ కలిపిన) ఇమేజ్ వేశారంటే మళ్లీ అదే లూప్. కాబట్టి రూట్ లేకుండా లేచినప్పుడే డెవలపర్ ఆప్షన్లలో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కంప్యూటర్‌కి "ఎల్లప్పుడూ అనుమతించు" టిక్ పెట్టండి. ఆ తర్వాత ప్యాచ్ చేసిన ఇమేజ్ ఫ్లాష్ చేసి, ఫోన్ లేస్తుండగా పైన చెప్పిన రిమూవ్ కమాండ్ నడపండి.

టీడబ్ల్యూఆర్‌పీ (కంపెనీది కాకుండా విడిగా వేసుకునే రికవరీ) ఉన్నవాళ్లు డేటా, ఏడీబీ, మాడ్యూల్స్ వరుసలో వెళ్లి, ఆ మాడ్యూల్ ఫోల్డర్‌లో "డిజేబుల్" పేరుతో ఖాళీ ఫైల్ ఒకటి పెడితే చాలు. ఫోల్డర్ల పేర్లు అర్థంలేని అక్షరాలుగా కనిపిస్తున్నా, ఇంటర్నల్ స్టోరేజ్ 0 ఎంబీ అని చూపిస్తున్నా డేటా డీక్రిప్ట్ కాలేదని, అంటే దాని తాళం తెరుచుకోలేదని అర్థం. ఫైళ్లు పోయాయనుకుని అక్కడ వైప్ నొక్కకండి.

ఇక లోగో దగ్గరే ఆగేవాళ్ల సంగతి. ఇక్కడ ఎక్కువసార్లు కనబడే కారణం ఒకటే: వేరే బిల్డ్‌కి (ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక నిర్దిష్ట విడుదల) చెందిన బూట్ ఇమేజ్. "నాదీ ఆండ్రాయిడ్ 14, అదీ 14" అంటే సరిపోదు. బిల్డ్ నంబర్ చివరి అక్షరం దాకా కలవాలి. కెర్నల్ ఒక బిల్డ్‌ది, దాని డ్రైవర్ మాడ్యూళ్లు ఉన్న వెండర్ పార్టిషన్ ఇంకో బిల్డ్‌ది అయితే అవి లోడ్ కావు. అదృష్టం బాగుంటే ఫోన్ లేచి టచ్ లేకుండానో వైఫై లేకుండానో నడుస్తుంది, లేదంటే లోగో దాటదు. ఎవరో ప్యాచ్ చేసి పెట్టిన ఇమేజ్‌ని దించుకుని వేయడం అందుకే వద్దంటాను. మీ బిల్డ్ పూర్తి ఫర్మ్‌వేర్ (కంపెనీ ఇచ్చే ఫోన్ సాఫ్ట్‌వేర్) జిప్ దించుకోండి. అందులో పేలోడ్ బిన్ ఫైల్ ఉంటే పేలోడ్ డంపర్ గో అనే టూల్‌తో ఇమేజ్‌లు విడదీయండి.

ఏ ఇమేజ్ వేయాలన్నది రెండో తికమక. ఆండ్రాయిడ్ 13తో, ఆ తర్వాత మార్కెట్‌లోకి వచ్చిన ఫోన్లలో ర్యామ్‌డిస్క్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైళ్ల మూట, మ్యాజిస్క్ చేరేది ఇందులోనే) సాధారణంగా ఇనిట్ బూట్ అనే వేరే పార్టిషన్‌లో ఉంటుంది. పిక్సెల్ 7కి ఇనిట్ బూట్ ప్యాచ్ చేయాలి. 12తో వచ్చిన పిక్సెల్ 6ని 13కి అప్‌డేట్ చేసినా దానికి బూట్ ఇమేజే. ఫోన్ ఏ వెర్షన్‌తో పుట్టిందన్నదే లెక్క. ఫర్మ్‌వేర్‌లో ఇనిట్ బూట్ ఇమేజ్ కనిపిస్తే అదే మీకు కావలసింది. ఇనిట్ బూట్‌కి వేయాల్సిన ఫైల్‌ని పొరపాటున బూట్‌లో వేస్తే కెర్నల్ పోయినట్టే, ఫోన్ ఫాస్ట్‌బూట్‌కి తిరిగొస్తుంది. ఇది భయంగా కనిపిస్తుంది గానీ ఒరిజినల్ బూట్ వేస్తే నిమిషంలో పోతుంది.

ఫాస్ట్‌బూట్‌లో ఉంచి వరుసగా:

ఫాస్ట్‌బూట్ గెట్‌వార్ కరెంట్-స్లాట్

ఫాస్ట్‌బూట్ ఫ్లాష్ బూట్ బూట్ డాట్ ఐఎంజీ

ఫాస్ట్‌బూట్ రీబూట్

ఇనిట్ బూట్ ఉన్న ఫోన్‌లో రెండో లైన్‌లో పార్టిషన్ పేరూ, ఫైల్ పేరూ ఆ ప్రకారం మార్చండి (ఇనిట్, బూట్ మధ్య ఖాళీ కాదు, అండర్‌స్కోర్ ఉండాలి). పాత తరహా ఫోన్లలో ఫ్లాష్ చేయకుండా "ఫాస్ట్‌బూట్ బూట్" కమాండ్‌తో ఇమేజ్‌ని ఒక్కసారికి లేపి చూడొచ్చు. కొన్ని కంపెనీలు దాన్ని తీసేశాయి, ఇనిట్ బూట్ ఇమేజ్‌తో అయితే అసలు పనికిరాదు. ఫ్లాష్ చేసేటప్పుడు "ఇన్‌వ్యాలిడ్ స్పార్స్ ఫైల్ ఫార్మాట్" అని వచ్చి, కింద "ఓకే" అని ఉంటే అది హెచ్చరికే, పని అయినట్టే.

మొదటి కమాండ్‌తో స్లాట్ సంగతి అడగమన్నది ఊరికే కాదు. ఏ, బీ అని రెండు స్లాట్‌లు (సిస్టమ్ రెండు ప్రతులు ఉండే చోట్లు) ఉన్న ఫోన్ కొన్నిసార్లు లేవలేకపోతే తనే రెండో స్లాట్‌కి మారిపోతుంది. అప్పుడు మీరు కొత్త బిల్డ్ బూట్‌ని తీసుకెళ్లి పాత బిల్డ్ ఉన్న స్లాట్‌లో వేస్తుంటారు. అప్‌డేట్ వచ్చిన వెంటనే మొదలైన లూప్‌లలో దీన్ని ముందు చూడండి. ఒక స్లాట్ నుంచి ఇంకో స్లాట్‌కి "సెట్ యాక్టివ్" కమాండ్‌తో మారొచ్చు, కానీ రెండో స్లాట్‌లో ఏమీ లేని ఫోన్‌ని అలా మార్చితే ఫాస్ట్‌బూట్ కూడా రాకుండా పోవచ్చు. ఆ ఫోన్ ఇదివరకు కనీసం ఒక అప్‌డేట్ తీసుకుందని తెలిస్తేనే ఆ పని చేయండి.

ఎర్ర హెచ్చరిక వచ్చినవాళ్లకు వీబీమెటా. మీ బిల్డ్‌లోని వీబీమెటా ఇమేజ్‌నే తీసుకుని:

ఫాస్ట్‌బూట్ డాష్ డాష్ డిజేబుల్-వెరిటీ డాష్ డాష్ డిజేబుల్-వెరిఫికేషన్ ఫ్లాష్ వీబీమెటా వీబీమెటా డాట్ ఐఎంజీ

ప్రతి ట్యుటోరియల్‌లోనూ దీన్ని తప్పనిసరి అన్నట్టు రాస్తారు. మామూలు మ్యాజిస్క్ రూట్‌కి చాలా ఫోన్లలో ఇది అక్కర్లేదు. కొన్నిటిలో ఈ సెట్టింగ్ మార్చితే డేటా ఫార్మాట్ చేయక తప్పదు, కాబట్టి మిగతావన్నీ అయ్యాకే.

కంపెనీల వారీగా రెండు మూడు మాటలు. శాంసంగ్‌లో ఫాస్ట్‌బూట్ లేదు, డౌన్‌లోడ్ మోడ్, ఓడిన్ టూల్ వాడాలి. ఓడిన్‌లో సీఎస్‌సీ (దేశం, నెట్‌వర్క్ సెట్టింగుల ఫైల్) గడిలో హోమ్ సీఎస్‌సీ ఫైల్ పెడితే డేటా ఉంటుంది, మామూలు సీఎస్‌సీ పెడితే పోతుంది. ఫర్మ్‌వేర్ వెర్షన్‌లో కుడి నుంచి అయిదో అక్షరం బూట్‌లోడర్ రివిజన్. ఫోన్‌లో 5 ఉంటే 4 ఉన్న ఫర్మ్‌వేర్‌ని అది తీసుకోదు, "ఎస్‌డబ్ల్యూ రెవ్ చెక్ ఫెయిల్" అంటుంది. షావోమీ వాళ్ల మీఫ్లాష్ టూల్‌లో కింద కుడిమూల చూడకుండా ఫ్లాష్ నొక్కవద్దు. చాలా వెర్షన్లలో "క్లీన్ ఆల్ అండ్ లాక్" ముందే ఎంచుకుని ఉంటుంది: డేటా పోతుంది, బూట్‌లోడరూ లాక్ అవుతుంది. ఏ కంపెనీదైనా, మార్పులు చేసిన ఇమేజ్ లోపల ఉండగా బూట్‌లోడర్ లాక్ చేస్తే, మామూలు దారులన్నీ మూసుకున్నట్టే. పిక్సెల్‌లో అయితే ఇంకో సౌకర్యం ఉంది: అదే బిల్డ్ లేదా అంతకంటే కొత్త పూర్తి ఓటీఏ (అప్‌డేట్) జిప్‌ని రికవరీ నుంచి ఏడీబీ సైడ్‌లోడ్ చేస్తే డేటా పోకుండా సిస్టమ్ అంతా తాజాగా వస్తుంది. రికవరీలో "నో కమాండ్" అని వస్తే పవర్ పట్టుకుని వాల్యూమ్ పెంచే బటన్ ఒకసారి తట్టండి, మెనూ వస్తుంది. పిక్సెల్ 6 వరుసను మాత్రం ఆండ్రాయిడ్ 13 నుంచి 12కి దించే ప్రయత్నం చేయకండి, 2022 ఆగస్టు అప్‌డేట్ బూట్‌లోడర్‌లో రోల్‌బ్యాక్‌ని ఆపేసింది.

రూట్ లేకుండానే ఏడీబీతో సిస్టమ్ యాప్‌లు తీసేసి లూప్‌లో పడేవాళ్లూ ఉన్నారు. షావోమీలో ఫైండ్ డివైస్ యాప్ తీసేయడం ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. ఏ యాప్ తీశారన్న లెక్క డేటాలోనే, ప్యాకేజ్ రిస్ట్రిక్షన్స్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో ఉంటుంది, కాబట్టి ఎన్నిసార్లు బూట్ ఇమేజ్ వేసినా లాభం లేదు. యానిమేషన్ దగ్గర ఏడీబీ అందితే "సీఎండీ ప్యాకేజ్ ఇన్‌స్టాల్-ఎగ్జిస్టింగ్" కమాండ్‌తో ప్యాకేజీ పేరిచ్చి తిరిగి తెచ్చే ప్రయత్నం చేయొచ్చు. అందకపోతే ఇక్కడ మాత్రం రీసెట్ తప్పకపోవచ్చు.

కస్టమ్ రామ్ (కంపెనీది కాని ఆండ్రాయిడ్) మార్చాక లూప్ అయితే మాత్రం ఫార్మాట్ డేటా చేయాల్సిందే. పాత రామ్ ఎన్‌క్రిప్షన్‌ని కొత్తది చదవలేదు. టీడబ్ల్యూఆర్‌పీలో "వైప్" వేరు, "యస్" అని టైప్ చేయించుకునే "ఫార్మాట్ డేటా" వేరు. మొదటిది ఎన్‌క్రిప్షన్‌ని తీయదు. కొత్త రామ్ మొదటిసారి లేవడానికి పది నిమిషాల దాకా పట్టొచ్చు, పావుగంట దాటితేనే లూప్ అనుకోండి.

కంప్యూటర్‌కి ఫోన్ అసలు కనబడకపోతే, "వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్" దగ్గరే ఆగితే, ఫోన్‌ని తిట్టే ముందు కేబుల్ మార్చండి, యూఎస్‌బీ 2 పోర్ట్‌లోనో హబ్‌లోనో పెట్టండి, విండోస్‌లో డ్రైవర్ చూడండి, ప్లాట్‌ఫామ్ టూల్స్ (ఏడీబీ, ఫాస్ట్‌బూట్ ఉండే ప్యాకేజీ) కొత్తవి దించండి. తెర నల్లగానే ఉండి డివైస్ మేనేజర్‌లో "క్వాల్‌కామ్ 9008" అని కనబడితే అది చిప్ అత్యవసర మోడ్, వేరే దారి, ఆ మోడల్‌కి తగిన ఫైర్‌హోస్ ఫైల్ కావాలి. మీడియాటెక్‌వాళ్లు ఎస్‌పీ ఫ్లాష్ టూల్‌లో "ఫార్మాట్ ఆల్" ఎప్పుడూ నొక్కకండి, ఐఎంఈఐ ఉండే ఎన్‌వీర్యామ్ కూడా పోతుంది.

ఇవన్నీ చేసినా లేవకపోతే ఇక్కడే కింద రాయండి: మోడల్ కోడ్, చివరిసారి నడిచిన బిల్డ్ నంబర్, ఏ ఫైల్‌ని ఏ పార్టిషన్‌లో వేశారు, "ఫాస్ట్‌బూట్ గెట్‌వార్ ఆల్" ఇచ్చిన జాబితా (సీరియల్ నంబర్, ఐఎంఈఐ కొట్టేసి). ఏడీబీ అందుతుంటే యానిమేషన్ తిరుగుతుండగా లాగ్‌క్యాట్ (ఫోన్ రాసుకునే లాగ్) రెండు నిమిషాలు ఫైల్‌లోకి తీసి, అందులో "ఫేటల్ ఎక్సెప్షన్ ఇన్ సిస్టమ్ ప్రాసెస్" అన్న లైన్ వెతకండి. దానికింద ఉన్న ఇరవై లైన్లు పెడితే చాలు, మొత్తం లాగ్ అక్కర్లేదు.